వేలాడే అమ్మ

రేకు దడి లోపల, మెత్తటి ఊక మీద, కొత్తగా గుడ్డు పగలగొట్టుకుని వచ్చిన కోడిపిల్లలు ఉండేవి. నెత్తిమీద వేలాడే బల్బే వాటికి అమ్మ.

ఒక ముసురు సాయంత్రం బల్బు మాడిపోయింది. "అమ్మ చచ్చిపోయింది!" అని పిల్లలన్నీ గోల పెట్టాయి. ఆ ఏడుపు విని పెరట్లోని బొల్లికోడి దడి దూకి వచ్చి రెక్కలు చాచింది.

"రండర్రా, నా కిందికి దూరండి."

"నువ్వెవరు? అమ్మవైతే పైన వేలాడాలిగా!" అంది ఒక పిల్ల, చలికి వణుకుతూనే.

మీ పెంకితనం తగలెయ్య అనుకుంటూ బొల్లికోడి ఎగిరి, బల్బు వైరు కాళ్లతో పట్టుకుని తలకిందులుగా వేలాడింది.

"మరి వెలగవేం?" అంది పిల్ల.

అంతలో పట్టు జారి బొల్లికోడి దబ్బున వాటి మధ్య పడింది. రెక్కల వెచ్చదనం తగిలేసరికి పిల్లలు నోళ్లు మూసుకుని నిద్రపోయాయి.

తెల్లారి యజమాని కొత్త బల్బు బిగించాడు. "అమ్మొచ్చింది!" అంటూ పిల్లలన్నీ బొల్లికోడిని తొక్కుకుంటూ బల్బు కిందికి పరుగెత్తాయి.

బొల్లికోడి ఒంటికంటిన ఊక దులుపుకుని, తలెత్తి బల్బుకేసి కోపంగా చూసింది.

"నా చిన్నప్పుడూ ఇంతే, చెప్పాపెట్టకుండా పోయేదానివి. ఇంకా ఆ బుద్ధి పోలేదా, అమ్మా?"