ఎనిమిది గుర్తుల చిక్కుముడి

“ఎవరు రాసిచ్చినారు నీకిది?” వెంకటరాముడు కాగితాలను బల్ల మీద కొట్టాడు.

“వివరాలన్నీ నేనే రాసినా సార్,” అంది గంగాదేవి.

కళ్యాణదుర్గం కాలేజీలో ఆయన కంప్యూటర్ లెక్చరర్. కూడిక, తీసివేత, రెండు బాణాలు, రెండు బ్రాకెట్లు, చుక్క, కామా. మిషను అంకెలు దాచుకునే గడులను నడిపేందుకు ఈ ఎనిమిది గుర్తులు తప్ప ఇంకేమీ లేని వింత కంప్యూటర్ భాష ఒకటుంది. సొంతంగా రాసిందైనా, యాడో దొరికిందైనా పరవాలేదు, ఆ భాషలో ఒక ప్రోగ్రామ్‌ను ఎవరు చదివినా అర్థమయ్యేట్టు చేసి తెమ్మన్నాడు. క్లాసంతా చేతులెత్తేసింది. కుందుర్పి నుంచి బస్సులో వచ్చే ఈ పిల్ల మాత్రం ప్రతి వరుస పక్కనా తెలుగులో వివరం రాసి తెచ్చింది. ‘మొదటి గడిలో పది నింపు’, ‘కుడిపక్క గడికి జరుగు’. చదువుతుంటే నీళ్లలా సాగిపోతోంది. అదే ఆయనకు మింగుడుపడలేదు.

“వివరాల్లో ఒక్క చుక్క లేదు, కామా లేదు. ఏల?”

“పెడితే వాటినీ మిషను గుర్తులే అనుకుంటాది సార్. పిచ్చిపిచ్చిగా ఏందో ప్రింటు చేస్తాది.”

ఈ సంగతి ఆయన క్లాసులో చెప్పనే లేదు. అనుమానం ముదిరింది.

“బెంగళూరులో మీవాళ్లు ఎవరన్నా ఉండారా?”

“ఎవరూ లేరు సార్.”

ఆయన వివరాలను అరచేత్తో మూసి, గుర్తుల మీద వేలు పెట్టాడు. “ఈడ రెండు గడులు వెనక్కి పోయి, మళ్లా ముందుకెందుకు రావల్ల?”

“ఏమో సార్. ఊరికే పోయినాడు.”

“పోయినాడా? ఎవడమ్మా పోయినాడు?”

గంగాదేవి నాలుక కరుచుకుంది. “గుర్తులు వేరేవాళ్లవి సార్. మీరే పరవాలేదంటిరి గదా.”

“ఎవరివి?”

“చెప్తే బాగుండదు సార్.”

“చెప్పకుంటే మార్కులు సున్నా. పద, ప్రిన్సిపాల్ దగ్గరికి పోదాం.” ఆయన లేచి నిలబడ్డాడు. “అయినా, ఈ చిక్కుముడి వేసినోనికి తలకాయ ఉండాదా? మనిషన్నోడు చదివేదానికి రాసినట్టే లేదు!”

గంగాదేవి ఇక లాభం లేదనుకుంది. సంచిలోంచి లైబ్రరీ ముద్ర ఉన్న పాత కాలేజీ పత్రిక తీసి, ఒక పేజీ తెరిచి ఆయన ముందు పెట్టింది.

అవే గుర్తులు, అదే వరుసలో. పక్కన ఒక్క వివరమూ లేదు. అడుగున మాత్రం చిన్న అక్షరాల్లో ఉంది: ‘కూర్పు: వెంకటరాముడు, కంప్యూటర్ విభాగం.’