సున్నా కింద మూడు గళ్లు

విమలాదేవి టీచర్ మూడు పరీక్ష పేపర్లు బల్ల మీద వరసగా పరిచింది. ఆగయ్య వాటి వంక చూడలేక తన చెప్పుల వంక చూసుకున్నాడు.

ఒకటి మనవరాలు స్వీటీది. మిగతా రెండూ వాడకట్టు పిల్లలు పింటూ, నందులవి. ముగ్గురూ ఎనిమిదో తరగతి. ముగ్గురికీ ఇరవైకి నాలుగు.

"మార్కులు పోతే పోనీ," అంది టీచర్. "ముగ్గురిదీ ఒకటే తప్పు. గీత నిలువుగీతను సున్నాకు పైన మూడు గళ్ల దగ్గర దాటాల్సి ఉంటే ముగ్గురూ కింద మూడు గళ్ల దగ్గర దాటించారు. పైన అయిదంటే కింద అయిదు. సరిగ్గా సున్నా మీంచి పోయే గీతలు మాత్రం ముగ్గురికీ కరెక్టే. కాపీ కాకపోతే ఏందిది?"

"కాపీ కాదు టీచర్..." అంది తాత పక్కన నిలబడ్డ స్వీటీ.

"నోరు మూయ్," అన్నాడు ఆగయ్య.

ఆయన సిగ్గు ఆయనది. హుస్సేనీ ఆలం గల్లీలో నెల రోజులుగా ఆ ముగ్గురికీ సాయంత్రంపూట గ్రాఫులు దిద్దించేది ఆయనే. కంచన్‌బాగ్ వైపు ఒక ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు కొలిమి వేడిని గంటగంటకూ గళ్ల కాగితం మీద గీసిన మనిషి. ఊరికే గీయించాడా? కోతలూ కోశాడు. తను గీత లాగుతుంటే కొలిమి తొంగి చూసుకుని, దాని ప్రకారం వేడెక్కేదట. ఒకనాడు తుమ్ము వచ్చి గీత వంకర పోతే, ఆ పూట పోసిన కడ్డీలన్నీ వంకరగానే పుట్టాయట. "నా తాన నేర్చిన పోరగాండ్లకు ఇరవైకి ఇరవై రాకుంటే మీసం తీసేస్త," అని పాన్‌డబ్బా దగ్గర పదిమందిలో అన్నదీ ఆయనే.

"కాపీ అని ఆఫీసులో రాసిస్తే ముగ్గురికీ టీసీ చేతిలో పెడతారు ఆగయ్యగారూ," అంది టీచర్. "మీ పెద్దరికం చూసి ఆగాను. తప్పు ఒప్పుకుంటే ఇక్కడితో వదిలేస్తా."

ఆగయ్య మనవరాలి వైపు తిరిగాడు. "ఒప్పుకో బిడ్డా. ఒక్క మాట అంటే అయిపాయె."

"చెయ్యంది ఎట్ల ఒప్పుకోవాలె తాతా?"

"మరి ముగ్గురికి ఒక్క తీరు తప్పు ఆసమాన్‌ల నుంచి రాలిందా? నేను గిట్లనే చెప్పిన్నా?"

"నువ్వు చెప్పినట్లే గీసిన."

"చూస్తిరా టీచరమ్మా! లాస్ట్‌కు నా మీదికే తోస్తున్నది." ఆయన మొహం కందగడ్డయింది. "ముందు చెవులు పట్టుకో! మాఫీ అడుగు!"

స్వీటీ తాత మొహంలోకే చూస్తూ చెవులు పట్టుకుంది. "తప్పయింది టీచర్," అంది. ఆ మాటతో పాటు కన్నీళ్లూ వచ్చాయి.

ఆగయ్య రెండు చేతులూ జోడించాడు. ముప్పై ఏళ్ల నౌకరీలో ఏ ఆఫీసరు ముందూ జోడించని చేతులు.

టీచర్ మనసు మెత్తబడింది. తెల్ల గళ్ల కాగితం ఒకటి తీసి స్వీటీ ముందు పెట్టింది. "సరే, నా కళ్ల ముందర ఒక్కటి గియ్యి. వై ఈక్వల్టు టూ ఎక్స్ ప్లస్ త్రీ."

స్వీటీ మోచేత్తో కళ్లు తుడుచుకుని బల్ల మీదకు వంగింది. అడ్డగీత గీసింది, నిలువుగీత గీసింది. అంకెలు వేయలేదు. గళ్లు లెక్కపెట్టుకుంటే చాలు, అంకెలు దండగ అని తాత నేర్పాడు. రెండు చుక్కలు పెట్టి, స్కేలు ఆనించి గీత లాగింది.

పక్కనే నిలబడి చూస్తున్న ఆగయ్య ప్రాణం ఉసూరుమంది. గీత మళ్లీ సున్నా కింద మూడు గళ్ల దగ్గరే దాటింది.

"మళ్ల గదే తప్పు!" అంటూ తల కొట్టుకున్నాడు.

"తప్పెక్కడుంది?" అంది బల్లకు అవతల కూర్చున్న టీచర్. "బంగారంలా గీసింది. సున్నా పైన మూడు గళ్లు."

"కింద, టీచరమ్మా."

"పైన, ఆగయ్యగారూ."

"నా కండ్లు ఇంకా సక్కగనే ఉన్నయి. కింద!"

టీచర్ ఆయన్ని చూసింది. కాగితాన్ని చూసింది. దాన్ని మెల్లగా తలకిందులుగా తిప్పి ఆయన ముందుకు జరిపింది. ఇప్పుడు ఆగయ్యకు గీత పైన మూడు గళ్ల దగ్గర దాటుతూ కనబడింది.

"ఇంట్లో వీళ్లకు ఏ పక్కన కూర్చుని చెప్తారు మీరు?" అని అడిగింది టీచర్.

నెల రోజులుగా ఆగయ్య పిల్లలకు ఎదురుగా కూర్చుని, గీత తన వైపు నుంచి సరిగ్గా కనబడేదాకా వాళ్ల చేత చెరిపించి చెరిపించి గీయించాడు.