ఖాళీ కొక్కెం

బొగ్గు కుప్ప కూలింది. ఊరు కుప్పగా చేరింది.

తమిళనాడు రాజపాళయంలోని ఒక సర్జికల్ కాటన్ మిల్లులో, బాయిలర్ వెనక వానకు నానిన బొగ్గు గుట్ట మధ్యాహ్నం ఒక్కసారిగా జారి పక్కనున్న రేకుల షెడ్డును మింగేసింది. పనివాళ్ళంతా గేటుకు పరుగెత్తి, ఎవరి ఇత్తడి బిళ్ళ వాళ్ళు బోర్డు మీద తగిలించారు. వేలిముద్ర యంత్రం బొగ్గు చేతుల్ని గుర్తుపట్టదు. అందుకని బాయిలర్ వాళ్ళకు ఇంకా బిళ్ళలే. లోపలికి వెళ్తే ఎత్తుకోవాలి, బయటికొస్తే తగిలించాలి.

ఒక్క కొక్కెం ఖాళీగా ఉంది. అది అళగిరిది.

"ఎవుడి బిళ్ళ వాడే ఎత్తల్ల. మారిస్తే ఇద్దురికీ ఆ పొద్దే ఉద్యోగం పాయె," అన్నాడు మేనేజర్ రఘురామ. "కాబట్టి అళగిరి లోపలే ఉండాడు."

ఆ మాట పూర్తయ్యేలోపే అళగిరి బావమరిది కన్నుసామి పార పట్టుకుని గుట్ట మీదున్నాడు. అతనిదీ అదే బాయిలర్ పని.

కన్నుసామి అక్క కాళియమ్మాళ్ గుండెలు బాదుకుంటూ వచ్చింది. "డ్యూటీకని తల దువ్వుకొని పోయినాడే! బొగ్గు ఎత్తేదానికి సెంటు కొట్టుకొని పోయినాడే! ఫోను కూడా ఆఫ్ అయిపోయిందే!"

"ఏడవొద్దక్కా. బావకు ఏమీ కాలేదు."

"నీకెట్లా తెలుసురా?"

జవాబు కన్నుసామి పార చెప్పింది.

బయట ఊరు మరిగింది. మరిగి మరియల్‌కు దిగింది. రోడ్డుకు అడ్డంగా జనం కూర్చునేసరికి సేత్తూరు బస్సు ఆగింది, తళవాయిపురం బస్సు ఆగింది, పెళ్ళికి పోతున్న షేర్ ఆటో కూడా ఆగింది. "మేనేజ్‌మెంట్ ఒళిగ!" అని, నశించాలని అరుపులు. ఇంకా ఎవరూ ఏదీ తేల్చకముందే గేటు పక్క గోడకు 'కన్నీటి అంజలి' పోస్టర్ ఎక్కేసింది. అందులో అళగిరి నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, తన చావు గురించి తనకేమీ తెలియనట్టు నవ్వుతున్నాడు.

విచారణాధికారి మహేశ్వరన్ విచారంగా జీపు దిగాడు.

"జేసీబీ పిలవండి."

"జేసీబీ వద్దు సార్!" కన్నుసామి పైనుంచి అరిచాడు. "నలిగిపోతుంది!"

పాపం, శవమని అప్పుడే నిశ్చయించేసుకున్నాడని అధికారి కళ్ళు తుడుచుకున్నాడు.

"అళగిరి లోపలికి పోయింది నువ్వు చూసినావా?"

"పొద్దున గేటు కాడ ఆయన బిళ్ళ ఎత్తింది చూసినా సార్."

తవ్వాడు. పార విరిగితే తట్టతో, తట్ట చిరిగితే చేత్తో. ముఖంలో బుగ్గేదో బొగ్గేదో తెలియలేదు. సాయంత్రానికి ఒకచోట వంగినవాడు వంగినట్టే కూలబడి, బావురుమని ఏడ్చాడు.

"ఇంక నా వల్ల కాదు సార్."

"పోయి ముఖం కడుక్కో అప్పా," అన్నాడు అధికారి, గేటు పక్కనున్న కుళాయి చూపించి. జనం దారి ఇచ్చారు. కొందరు దణ్ణాలు పెట్టారు.

కాసేపటికి గేటు దగ్గర కేక. వాచ్‌మన్ ఆరోక్కియరాజ్‌ది.

"సార్! అళగిరి బిళ్ళ ఈడనే ఉంది సార్! కొక్కేనికే ఉంది!"

అధికారి చూశాడు. మేనేజర్ చూశాడు. బిళ్ళ కూడా వాళ్ళను చూస్తూ ఊగింది.

"అంటే వాడు ముందే బయటికి పోయినాడు! ఇంతసేపూ నీ కండ్లు యాడ పెట్టినావు?" మేనేజర్ వాచ్‌మన్ మీద విరుచుకుపడ్డాడు.

"లేదు సార్, మాతా సత్యంగా అప్పుడు లేదు సార్!"

మేనేజ్‌మెంట్ ఒళిగ అన్న జనమే ఇప్పుడు "వాచ్‌మన్ ఒళిగ!" అన్నారు. విచారణ అక్కడికక్కడే ముగిసింది. కారణం: వాచ్‌మన్ చూపు. సిఫారసు: మిల్లు ఖర్చుతో కళ్ళద్దాలు.

అంతలో అళగిరి నడుచుకుంటూ వచ్చాడు. బస్సులు ఆగిపోయాయిగా. చెదరని క్రాపు, తెల్ల చొక్కా. పోస్టర్ ముందు ఆగి, తన చావువార్త తానే చదువుకుని నోరు తెరిచాడు.

ఆ నోట్లోంచి ఒక్క మాట రాకముందే, అక్కను కూడా దాటుకుని కన్నుసామి పరుగెత్తి అతన్ని గట్టిగా వాటేసుకున్నాడు. తెల్ల చొక్కా నిండా నల్ల చేతులు. చూసినవాళ్ళందరి కళ్ళూ చెమర్చాయి.

కన్నుసామి అతని చెవిలో గొణిగాడు: "ఇంకమీద సినిమాకు పోవల్లంటే నీ బిళ్ళ నువ్వే ఎత్తి దాచుకో బావా, నా జేబుకు చిల్లి ఉంది!"