రెండో వరుసలో చివరి కుర్చీ

మూసీ పొంగి ఇమ్లీబన్ బస్టాండులో నీళ్లు నిలిచిన ఏడాది అది.

ఫిల్మ్‌నగర్‌లో ఒక టీవీ స్టూడియో. పాటల కార్యక్రమం. ఆ రోజు పాడేది కౌస్తుభ్.

ఆ పేరు చెబితే జనం ఊగిపోతారు. గోడల మీద అతనే, ఆటోల వెనక అతనే.

వీరయ్య చప్పట్ల మేస్త్రి. రహమత్ నగర్ నుంచి ఎనభై మందిని బస్సులో తెచ్చి ప్రేక్షకుల్లా కూర్చోబెడతాడు. అతను ఎర్ర రుమాలు ఎత్తితే చప్పట్లు. రెండుసార్లు ఊపితే ఈలలు.

పాట ముందే రికార్డయి ఉంటుంది. కౌస్తుభ్ మైకు ముందు పెదాలు కదుపుతాడు. ఆ సంగతి ఎనభై మందికీ తెలుసు.

"గీ పిలగాని పేరంతా మన అరచేతుల్లనే ఉన్నది" అని బస్సులో వచ్చినవాళ్లలో బాలమణి అంటే వరుసంతా నవ్వింది.

లైట్లు వెలిగాయి. డప్పులు మోగాయి. రుమాలు లేచింది. హాలు అదిరిపోయింది.

రెండో వరుస చివరి కుర్చీలో ఒక పెద్దావిడ మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేత చీర, గుడ్డసంచి.

సెట్టు చూసుకునే మౌళి పరుగున వచ్చాడు. కెమెరాలో ఆవిడే కొట్టొచ్చినట్టు కనబడుతోందట. ఇలాగైతే రేపటి నుంచి వేరే మేస్త్రిని చూసుకుంటానన్నాడు.

ఎనభై ఇళ్లల్లో పొయ్యి వెలగాలి.

వీరయ్య ఆవిడ పక్కన వంగి మెల్లగా అడిగాడు. "అమ్మా, జర చేతులు కలుపు. అందరి పని పోతది."

"పాడితే కొడతాను నాయనా. అబ్బాయి ఇంకా పాడలేదుగా."

ఇంకో మేస్త్రి బస్సులో రావాల్సిన మనిషి పొరపాటున ఇటొచ్చిందనుకున్నాడు వీరయ్య. బయట కూర్చుని చాయ్ తాగమని చెప్పి గేటు దాకా తీసుకుపోయాడు.

చివరి పాట.

కౌస్తుభ్ చెయ్యెత్తి రికార్డు ఆపించాడు. మౌళి వద్దంటున్నా వినలేదు. కళ్లు మూసుకుని, ఉత్త గొంతుతో అందుకున్నాడు.

మొదట గొంతు వణికింది. తర్వాత నిలిచింది. ఆ తర్వాత ఎక్కడికో పోయింది, హాలునంతా వెంటేసుకుని.

వీరయ్య రుమాలు ఎత్తడం మరిచాడు. బాలమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాట అయిపోయినా ఎవరూ కదల్లేదు.

కౌస్తుభ్ కళ్లు తెరిచి సూటిగా రెండో వరుస చివరికి చూశాడు.

కుర్చీ ఖాళీ.

"అక్కడ కూర్చున్న అమ్మ ఏరి? ఆమెని రమ్మన్నది నేనే."

వీరయ్య బయటికి ఉరికాడు. గేటు దగ్గర చాయ్ బండి కొమురమ్మ గిన్నెలు తోముతూ చెప్పింది.

పెద్దావిడ బయటి స్పీకరు కింద నిలబడి చివరి పాట విందట. అయ్యాక ఒక్కతే చప్పట్లు కొట్టిందట. చేతి గాజు చిట్లినా ఆపలేదట. ఇప్పుడే ఆటో ఎక్కి పోయిందట.

వీరయ్య రొప్పుతూ వచ్చి అదే చెప్పాడు.

కౌస్తుభ్ అతని చేతిలోని ఎర్ర రుమాలు చూశాడు.

"నా మనసు కష్టపెట్టకూడదని చెబుతున్నావు పెద్దాయనా. నీ పనే అది కదా."

కారు వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే వీరయ్య రుమాలు బాలమణి చేతికిచ్చి బస్సు పంపేశాడు. కొమురమ్మ చేత బండి మూయించాడు. ఇద్దరూ జూబ్లీహిల్స్‌లో కౌస్తుభ్ ఇంటికి నడిచారు.

"నా మాట నమ్మకుండ్రి సార్. గేటు కాడ చాయ్ అమ్మే గీమె ఏనాడూ నా బస్సెక్కలేదు. గీమెను అడుగుండ్రి."

కొమురమ్మ చూసింది చూసినట్టు చెప్పింది. గాజు సంగతీ చెప్పింది.

కౌస్తుభ్ వాకిట్లో మెట్టు మీద కూర్చున్నాడు. నవ్వు మొహంతో తలెత్తాడు.

"నేనడిగితే చప్పట్లు కొట్టానని ఒప్పుకోదు. పదకొండేళ్లు నాకు పాట నేర్పింది ఆవిడే, ఒక్కసారీ బాగుందనలేదు."