బయటి గొళ్ళెం

అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి. ఒత్తులు తప్పుతాయి, చెయ్యి నెమ్మది. చదివేవాళ్ళు మన్నించాలి.

బ్లెస్సీ గడప దాటీ దాటగానే చెప్పులు విడిచి, ఎవరూ రమ్మనకముందే వంటింట్లోకి నడిచింది.

"కూర్చోమ్మా, కేకు తెప్పించినాము," అంది నళిని.

"పని అయినాక," అంది బ్లెస్సీ.

నళిని బిక్కమొహం వేసి భర్త వంక చూసింది. భర్త దేవరాజ్ బెంగుళూరు పక్కన జిగణిలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఆ రోజు సెలవు పెట్టి, తలకు నూనె రాసుకుని, పెళ్ళినాటి చొక్కాలో ఇరుక్కుని కూర్చున్నాడు.

బిడ్డను దత్తు తీసుకుంటామని వాళ్ళు అర్జీ పెట్టి మూడేళ్ళు దాటింది. ఇల్లు చూసి రిపోర్టు రాయడానికి సర్కారు మనుషులకు తీరికే దొరకలేదు. కిందటేడు ఆ పనిని గుర్తింపు ఉన్న బయటి సంస్థలకు అప్పగించారు. వీళ్ళ అర్జీ చేతికొచ్చిన నెల తిరక్కుండా ఒక సంస్థ తరఫున సుజాత ఫైలు పట్టుకుని దిగింది. జీతం చీటీ, డాక్టరు చీటీ, పక్కింటివాళ్ళ సాక్ష్యం, అన్నీ చకచకా అయిపోయాయి.

ఈవేళ మిగిలింది బ్లెస్సీ ఒక్కతే.

"నా వైపు అంతా ఓకే సార్," అని సుజాత ముందే చెప్పింది. "బ్లెస్సీ సరే అంటేనే ముందుకు. నేను నడుమ మాట్లాడను."

బ్లెస్సీ ఫ్రిజ్ తెరిచింది. చూసింది. మూసింది.

"పగలు ఇంట్లో ఎవురుంటారు?"

"నేనుంటా. ఇంట్లోనే జాకెట్లు కుడతా," అంది నళిని.

"కోపం వస్తే ఏం చేస్తారు?"

"మాకు కోపమే రాదమ్మా," అన్నాడు దేవరాజ్.

"అందరూ ఇట్లే చెప్తారు. నిజం చెప్పండి."

ఇక దాచి లాభం లేదనుకుంది నళిని. "ఈయన మాట మానేస్తాడు. రెండు రోజులు మూతి ముడుచుకోని ఉంటాడు. నేను గిన్నెలు ఎత్తి పడేస్తా."

"పగలవా?"

"అన్నీ స్టీలువే."

సుజాతకు నవ్వొచ్చింది. బ్లెస్సీకి రాలేదు.

"పడక తడిస్తే?"

"ఎండేస్తా."

"పక్కింటోళ్ళకు చెప్తారా?"

"వాళ్ళకెందుకు చెప్పాల? మా ఇంటి పడక, మా ఇంటి ఎండ."

బ్లెస్సీ మొదటిసారి నళిని ముఖంలోకి సూటిగా చూసింది. నళిని కళ్ళు దించలేదు.

"నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు. తెలుసా మీకు?"

దేవరాజ్ దిగ్గున లేచాడు. "ఏం మాటమ్మా అది? బిడ్డ ఏమన్నా మిక్సీనా, వారంటీ ఉండాదని వాపసు ఇచ్చేదానికి?"

"ఇచ్చినారు," అంది బ్లెస్సీ. గొంతు పెంచలేదు. "బ్రూక్‌ఫీల్డ్‌లో పెద్ద ఇల్లు. లిఫ్టు ఉండాది, ఊయల ఉండాది. ఒక్క పూటలో చూసి అంతా ఓకే అని రాసేసినారు. దసరాకు తీసుకుపోయినారు. క్రిస్మస్ రాకముందే తెచ్చి ఆఫీసులో వదిలిపెట్టినారు."

సుజాత తల వంచుకుంది. ఆ రిపోర్టు ఆమె సంస్థ రాసిందే. పని తొందరగా ముగించారని మెప్పు కూడా వచ్చింది.

"అందుకే ఈ తూరి నేనే చూస్తా అన్నాను. చూడనీకపోతే సంతకం పెట్టేది లేదని చెప్పినాను."

ఆ మాట అనేసి బ్లెస్సీ చిన్న గది వైపు నడిచింది. గోడలకు కొత్త రంగు. మంచం మీద కొత్త దుప్పటి. అవేవీ చూడలేదు. తలుపు చూసింది.

"బయట గొళ్ళెం ఎందుకు?"

"ఓనరు పెట్టించినాడమ్మా. అన్ని తలుపులకూ ఉండాది," అన్నాడు దేవరాజ్.

"తీసేయండి."

"ఇప్పుడేనా? ఓనరు అరుస్తాడు..."

"ఇప్పుడే."

"బ్లెస్సీ, గొళ్ళెం సంగతి ఫారంలో లేదు కదా," అంది సుజాత మెల్లగా.

"మీ ఫారంలో లేదు."

నళిని మొగుడి మీదికి తిరిగింది. "చూస్తావేంది? స్క్రూడ్రైవర్ తే. ఓనరుతో నేను మాట్లాడుకుంటా."

దేవరాజ్ పెళ్ళి చొక్కా చేతులు మడిచాడు. స్క్రూలు తుప్పు పట్టి తిరగనన్నాయి. అతనూ వదలనన్నాడు. చివరిది చెక్క పెచ్చుతో సహా ఊడివచ్చింది. చంకలో చొక్కా కూడా చిరిగింది. గొళ్ళెం తెచ్చి బ్లెస్సీ చేతిలో పెట్టాడు.

బ్లెస్సీ దాన్ని తన సంచీలో వేసుకుంది. తలుపు మూసి చూసింది, తీసి చూసింది. అప్పుడు వచ్చి కుర్చీలో కూర్చుని, కేకు పళ్ళెం దగ్గరికి లాక్కుంది.

"సంతకం పెడతాను, కానీ మిమ్మల్ని అమ్మా అని ఇప్పుడప్పుడే పిలవను," అంది, నేలకు అందని కాళ్ళు ఊపుతూ.

చెన్నమ్మ, అరవై ఎనిమిదేళ్ళు.
జిగణిలో, వాళ్ళ పక్క వాటాలో ఉంటాను.