ఐసులో పెట్టినా చెరగని ఇంకు

"ఇది మొద్దుగున్నది. ఇంకా సన్నటిది చూపియ్యి భాయ్."

జిలానీ బాషా పెన్నుకు మూత పెట్టి డబ్బాలో పడుకోబెట్టాడు. ఇంజనీర్లు బిల్డింగుల ప్లాన్లు గీసే పెన్ను అది. దుబాయిలోని డేరా బజారులో డ్రాయింగు సామాను అమ్మే ఆ దుకాణంలో దాన్ని మొద్దు అన్నవాడు ఇంతవరకు లేడు.

"ఇంతకంటే సన్నటిదంటే ఇక వెంట్రుకేనప్పా. ఎవరికి ఈ పెన్నులు? మీ ముదీర్‌కా, అదే, మేనేజరుకా?"

"నాకే."

జిలానీ అతన్ని కిందికీ పైకీ చూశాడు. ఉతికిన చొక్కా, సిమెంటుకు పగుళ్లు పడిన వేళ్లు. పేరు పర్శరాములని, వెంట ఉన్నవాడు రాజేశ్వరని, ఇద్దరిదీ కరీంనగర్ జిల్లా అని వస్తూనే చెప్పాడు. దుకాణంలో కడప మనిషి ఒకడున్నాడు, తెలుగు మాట్లాడతాడు అని ఎవరో చెబితే, శుక్రవారం సెలవు చూసుకొని లేబర్ క్యాంపు నుంచి వచ్చారు. రాజేశ్వర్ మాత్రం గోడకు వేలాడే స్కేళ్ల వైపు తిరిగి నిలబడ్డాడు.

"బొమ్మలు వేస్తావా?"

"లేదు. పేరు, అడ్రసు రాయాలె."

"దానికి డ్రాయింగు పెన్ను ఎందుకప్పా? ఇంటికి పంపే పెట్టె మీదైతే నల్ల పెయింటు, లావు బ్రష్షు. ఎయిర్‌పోర్టులో చూళ్లేదా, అందరూ అదే రాస్తారు."

"పెయింటు లేస్తది."

"కాగితం మీద రాసి అంటించు."

"కాగితం ఊడుతది." పర్శరాములు గొంతు పెంచలేదు. "మా రూముల భోజన్నకు గట్లనే అయింది. కాగితం కట్టిన్రు. తడికి ఊడిపోయింది. పేరు లేదు, ఊరు లేదు. యాడికని పంపుతరు? ఈడనే ఖలాస్."

"ఇంటికి చేరలేదా?"

"చేరలే. వాని భార్య కిష్టవ్వ ఇప్పటికీ తొవ్వ చూస్తనే ఉన్నది."

జిలానీ నాలుక చప్పరించాడు. "పాపం. ఏమేం సర్దుకున్నాడో అందులో."

రాజేశ్వర్ ఇటు తిరిగి పర్శరాములు మొహం చూశాడు.

"నాకు గట్ల కావద్దు" అన్నాడు పర్శరాములు. "ఎంత ఆలస్యమైనా ఇంటికి చేరాలె. మంచి ఇంకు చూపియ్యి."

జిలానీ ఒక సీసా తీశాడు. పర్శరాములు కాగితం మీద అడ్డంగా గీత గీసి, ఆరేదాకా ఊదాడు. బొటనవేలు తడి చేసుకొని రుద్దితే, గీత నీలంగా సాగి పాకింది. సీసాను వెనక్కి నెట్టాడు. రెండోది కొంచెం నయం. మూడోది జర్మనీదట. రుద్దితే కదల్లేదు. చెమట పట్టిన మెడకు కాగితాన్ని అద్ది మళ్లీ చూశాడు. అప్పటికీ కదల్లేదు.

అయినా అతనికి తృప్తి లేదు. బయట కూల్‌డ్రింకులు అమ్మేవాడిని అడిగి ఐసు ముక్క తెచ్చి, కాగితం మీద పెట్టి, కౌంటరు మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు.

"చేపలు పంపుతావా ఏంది ఊరికి?" అన్నాడు జిలానీ.

పర్శరాములు నవ్వలేదు. ఐసు కరిగి నీళ్లు కౌంటరు అంచు దాకా పారాయి. అతను కాగితం ఎత్తి వెలుతురుకు పట్టాడు. గీత గీతలాగే ఉంది.

"ఇది ఇయ్యి. ఇగ పెన్ను."

జిలానీ ఉన్నవన్నీ కౌంటరు మీద పరిచాడు. పర్శరాములు ఒక్కొక్కటే తీసి మొన చూసి పక్కన పెట్టాడు. చివరికి అతని చూపు గాజు పలక కింద ఒక మూల ఉన్న పాత రకం మీద పడింది. కట్టె పిడి, దానికి ఉక్కు పాళీ. బయటికి తీయించి బొటనవేలికి గుచ్చి చూసుకున్నాడు.

"ఎద్దును పొడిచే ములుగర్ర కాదప్పా అది, పెన్ను. దానితో కాగితం చిరుగుతుంది. చిరిగిందని వాపసు తెస్తే తీసుకోను."

"కాగితం మీద కాదన్న గదా. ఇంకు లోపలికి దిగాలె. ఇదే కావాలె."

రాజేశ్వర్ దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "పర్శన్నా, ఇంకోపారి ఆలోచన చెయ్యి. ఒకసారి రాసినంక మల్ల పోదు."

"పోవద్దనే గదరా ఇంతదూరం వచ్చింది." పర్శరాములు చెయ్యి విడిపించుకొని జిలానీ వైపు తిరిగాడు. "భాయ్, నీకు అరబ్బీ రాయొచ్చునట. ముందు చదివేటోడు ఈ దేశపు పోలీసే గదా. అరబ్బీల రాసియ్యి, కింద ఇంగ్లీషుల రాసియ్యి."

"ఎవరి పేరు? పంపేవాడిదా, అందుకునేవాళ్లదా?"

"పైన నాది. కింద మా ఇంటామెది, కొమురవ్వ. ఊరి పేరు చెప్త, రాసుకో. మెట్‌పల్లి తాలూకా, కరీంనగర్ జిల్లా. ఇండియా మరువకు."

జిలానీ కాగితం తీసుకొని ముత్యాల్లాంటి అక్షరాలతో కుడి నుంచి ఎడమకు రాశాడు. కింద ఇంగ్లీషు రాశాడు. పర్శరాములు ప్రతి పేరునూ నోటితో చెప్పించుకొని, వేలు పెట్టి ఎక్కడుందో చూసుకొని, తల ఊపాడు. రాజేశ్వర్ మళ్లీ స్కేళ్ల వైపు తిరిగాడు.

జిలానీకి తన రాత తనకే నచ్చింది. కట్టె పిడికి పాళీ తొడుగుతూ అన్నాడు. "దీన్ని చూసి మీరు రాస్తే వంకర్లు పోతాయి. సామాను వెంట తెచ్చుంటే నేనే రాసిచ్చేవాణ్ణి."

"నువ్వే రాస్తవా? గంతకంటే ఏం గావాలె. రాయి భాయ్."

"రాస్తాలేప్పా. దేని మీద రాయాల్నో ముందు చూపించు."

పర్శరాములు చొక్కా గుండీలు విప్పి రొమ్ము చూపించాడు. "ఈడ. భోజన్న లెక్క నన్ను ఐసుల పెట్టిననాడు గిదే నా అడ్రసు."