పారిపోయినోడు

దేవసహాయం చెయ్యి ప్రెస్సు మిషన్లో పడగానే షెడ్డులో ఉన్నవాళ్లంతా అతని దగ్గరికి పరుగెత్తారు. కృపానందం ఒక్కడే రెండు చెవులూ మూసుకుని గేటు బయటికి పరుగెత్తాడు.

నాచారం కార్ఖానాలో ఆ సంగతి ఎవరూ క్షమించలేదు. రోజూ మధ్యాహ్నం కృపానందం పక్కన కూర్చుని అన్నం తినేది దేవసహాయం ఒక్కడే. మిగతావాళ్లకు కృపానందమంటే మొదట్నుంచీ పడదు. మనిషి ముఖం చూసి మాట్లాడడు. పలకరిస్తే నవ్వడు. ఎవరింట్లో చావు జరిగినా వచ్చి, గోడవైపు తిరిగి నిలబడతాడు.

ఉప్పల్ నుంచి డాక్టరు స్కూటరు మీద వచ్చి రక్తం ఆపాడు. దేవసహాయాన్ని కంపెనీ వ్యానులో పెద్ద దవాఖానాకు పంపించాడు. అదంతా అయ్యాక గానీ కృపానందం తిరిగి రాలేదు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. పిరికివాడి చెమట అన్నారు.

మూడు వేళ్లు పోయాయి. ప్రాణం దక్కింది. వేళకు డాక్టరును పిలిపించాడని అందరూ సూపర్‌వైజరు దామోదర్‌ను మెచ్చుకున్నారు. అతను కాదనలేదు.

కృపానందాన్ని పనిలోంచి తీసేయాలని అర్జీ రాయించింది కూడా దామోదరే. మేనేజరు గదిలో విచారణ పెట్టారు. దేవసహాయం భార్య లూర్దమ్మను కూడా పిలిచారు.

"దోస్తు మొత్తుకుంటుంటె ఉరికినవా, లేదా?" దామోదర్ అడిగాడు.

"ఉరికిన."

"చెవులు మూసుకున్నవా?"

"మూసుకున్న. ఆ అరుపు నాతోని కాలేదు. ఇంకా వినబడుతున్నది."

ఇంకేమైనా చెప్పుకుంటావా అని మేనేజరు అడిగాడు.

"అడిగినయన్నీ చెప్పిన," అన్నాడు కృపానందం, కిటికీ వైపు చూస్తూ.

లూర్దమ్మ లేచి అతని ఎదుట నిలబడింది. "మూడేండ్లు ఆయన గిన్నెల కూర తిన్నవు. నీకు పానం లేదు, రాయివి నువ్వు," అని ఏడ్చింది.

ఆమె ఏడుపు వినగానే అతను మళ్లీ చెవులు మూసుకున్నాడు. ఆమె అతని కాళ్ల ముందు ఉమ్మింది. అర్జీ మీద మొదటి వేలిముద్ర తనే వేసింది.

ఆ సాయంత్రమే అతన్ని తీసేశారు. వారంలో మల్లాపూర్‌లోని గది ఖాళీ చేసి వెళ్లిపోయాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

నెల తర్వాత ఇంటికొచ్చిన దేవసహాయం, కృపానందం ఏడని అడిగాడు. ఆ పేరు ఎత్తొద్దంది లూర్దమ్మ.

కట్టు మార్పించడానికి భర్తను ఉప్పల్ తీసుకెళ్లింది. డాక్టరు కాళ్లకు మొక్కబోయింది. దామోదర్ సారు కబురు పంపబట్టే తన తాళి నిలిచిందని చెప్పుకుంది.

డాక్టరు ఆమెను పట్టి లేపాడు.

"దామోదర్ ఎవరో నాకు తెల్వదమ్మా, ఆ దినం నాచారం నుంచి ఉరికొచ్చి నన్ను పంపించినాయన నా ముఖం గూడ సూడలే, చెవుల మీంచి చేతులు గూడ తియ్యలే."